బార్ అంటే చిన్న పతకం కాదు: అదే సైనిక పురస్కారం రెండోసారి వస్తే యూనిఫాం మీద ఏం మారుతుంది?

ఏటా రిపబ్లిక్ డే, స్వాతంత్ర్య దినోత్సవాల సమయంలో సైనిక పురస్కారాల జాబితా వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ జాబితాను పేరుపేరునా చదివేవాళ్లు చాలామంది ఉంటారు. మిలిటరీలో పనిచేసిన మనిషి లేని ఊరు ఇక్కడ అరుదు మరి. 2024 ఆగస్టులో సంతబొమ్మాళి మండలానికి చెందిన మేజర్ మల్ల రామగోపాల్ నాయుడుకు కీర్తిచక్ర ప్రకటించినప్పుడు జిల్లా అంతా గర్వపడింది. కీర్తిచక్ర ఎంత పెద్దదో అప్పుడు చాలామందికి తెలిసింది.

చిక్కంతా అదే జాబితాలో కాస్త కిందికి వచ్చాక మొదలవుతుంది. "బార్ టు సేనా మెడల్ (గ్యాలంట్రీ)" అని ఒక వరుస కనిపిస్తుంది. గ్యాలంట్రీ అంటే సాహసం. ఇదేం పతకం? సేనా మెడల్ కన్నా ఒక మెట్టు కిందిదా? పతకం ఇవ్వకుండా పట్టీ ఒక్కటే ఇస్తారా? మాజీ సైనికులున్న వాట్సాప్ గ్రూపుల్లో కూడా పిల్లలు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. వార్త రాసేవాళ్లు కొందరు తెలియక ఆ మాటే తీసేసి "సేనా మెడల్ వచ్చింది" అని సరిపెడతారు. దాంతో ఆ సైనికుడు అంతకు ముందు చేసిన సాహసం లెక్కలోకే రాకుండా పోతుంది.

సూటిగా చెప్పాలంటే, బార్ అంటే అదే పురస్కారం మరోసారి పూర్తిగా రావడం. మొదటిసారికి ఎంత విలువో రెండోసారికీ అంతే విలువ. ఆ రెండోసారిని యూనిఫాం మీద చూపించే తీరు వేరు, అంతే.

పతకానికి వేలాడే గుడ్డ, దాని మీది పట్టీ

సైనిక పతకంలో ప్రధానంగా రెండు భాగాలు. ఒకటి లోహపు బిళ్ల, రెండోది అది వేలాడే రంగుల గుడ్డ, అంటే రిబ్బన్. పరేడ్లకు, పెద్ద వేడుకలకు బిళ్లతో సహా మొత్తం పతకాన్ని పెట్టుకుంటారు. మామూలు రోజుల్లో రిబ్బన్ ముక్కలు మాత్రమే ఎడమ జేబు పైన వరుసగా కనిపిస్తాయి. ఆఫీసులో, ప్రయాణంలో మనం చూసే ఆ రంగురంగుల వరుస అదే.

ఒక సైనికుడికి సేనా మెడల్ వచ్చిందనుకుందాం. కొన్నేళ్ల తర్వాత మళ్లీ సేనా మెడల్‌కు తగిన పని చేశాడు. అప్పుడు ఇంకో బిళ్ల ఇవ్వరు. మొదటి పతకం రిబ్బన్ మీద అడ్డంగా ఒక సన్నని లోహపు పట్టీ చేరుతుంది. అదే బార్. మూడోసారి వస్తే ఇంకో పట్టీ.

మరి బిళ్ల లేకుండా రిబ్బన్ ఒక్కటే పెట్టుకున్న రోజున? అంత చిన్న ముక్క మీద పట్టీ పెట్టరు. దాని బదులు బుల్లి గుర్తు ఒకటి అతికిస్తారు. పరమవీరచక్ర నిబంధనల్లో ఆ గుర్తు ఏమిటో స్పష్టంగా ఉంది: ఇంద్రుడి వజ్రాయుధం సూక్ష్మరూపం. పరమవీరచక్ర బిళ్ల మీద నాలుగు వైపులా ఉండేది కూడా ఆ వజ్రాయుధమే. మహావీరచక్ర, వీరచక్రలకైతే ఆ చక్రం బుల్లి రూపమే గుర్తు.

ఒక బార్ అంటే రెండుసార్లు

లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. బార్ల సంఖ్య, పురస్కారాల సంఖ్య ఒకటి కాదు. మొదటిసారి బిళ్ల వస్తుంది, బార్ రాదు. కాబట్టి ఒక బార్ ఉందంటే రెండుసార్లు వచ్చినట్టు, రెండు బార్లు ఉన్నాయంటే మూడుసార్లు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రేలియా సేనలో గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ మీద మోసుకొచ్చే పని చేసిన ఎర్నెస్ట్ కోరీకి మిలిటరీ మెడల్, దాని మీద మూడు బార్లు ఉన్నాయి. అంటే నాలుగుసార్లు. ఆ పతకం నాలుగుసార్లు అందుకున్న మనిషి ఆయనొక్కడే.

ఇంకో ముఖ్యమైన సంగతి, బార్ వచ్చేది సరిగ్గా అదే పురస్కారం మళ్లీ వస్తేనే. వేరే పురస్కారం వస్తే అది వేరే పతకం, వేరే రిబ్బన్. ఒక ఉదాహరణ వేసుకుందాం. మన జిల్లా సుబేదార్ ఒకాయనకు మొదట సాహసానికి సేనా మెడల్ వచ్చింది. తర్వాత శౌర్యచక్ర, ఆ తర్వాత సాహసానికే మళ్లీ సేనా మెడల్. ఆయన గుండె మీద కనిపించే పతకాలు రెండే: శౌర్యచక్ర, బార్ ఉన్న సేనా మెడల్. దేశం ఆయన్ని గుర్తించింది మాత్రం మూడుసార్లు. బిళ్లలు లెక్కపెట్టినవాడికి రెండు అనిపిస్తుంది, పట్టీని చూసినవాడికే మూడని తెలుస్తుంది.

పేరు పక్కన రాసే అక్షరాల్లో కూడా ఇదే గందరగోళం. "సేనా మెడల్ అండ్ బార్" అని పూర్తిగా రాస్తే ఇబ్బంది లేదు. కొన్ని చోట్ల బార్ బదులు నక్షత్రం గుర్తు వేస్తారు. బ్రిటిష్ పద్ధతిలో ఒక్కో నక్షత్రం ఒక్కో బార్‌కు, అంటే ఒక నక్షత్రం ఉంటే రెండు పురస్కారాలు. దీన్ని అందరూ ఒకేలా పాటించరు కాబట్టి నక్షత్రాలను బట్టి ఎన్నిసార్లో తేల్చడం కష్టం. ప్రభుత్వం అధికారికంగా ప్రచురించే గెజిట్‌లో ఉన్న మాటే నికరం.

రిబ్బన్ మీది గీతలు చెప్పేది వేరు

ఫొటోలు చూసి చాలామంది ఒక పొరపాటు లెక్క వేస్తారు. ఆకుపచ్చ రిబ్బన్ మీద మూడు నారింజ గీతలు కనిపిస్తే మూడుసార్లు వచ్చిందనుకుంటారు. కాదు. ముదురాకుపచ్చ రిబ్బన్ మీద ఒక నారింజ గీత ఉంటే అశోకచక్ర, రెండుంటే కీర్తిచక్ర, మూడుంటే శౌర్యచక్ర.

దీనికి చరిత్రలో కారణం ఉంది. 1952లో వీటిని మొదలుపెట్టినప్పుడు పేర్లు అశోకచక్ర క్లాస్ వన్, క్లాస్ టూ, క్లాస్ త్రీ. 1967లో పేర్లు మార్చి కీర్తిచక్ర, శౌర్యచక్ర అన్నారు. రిబ్బన్ మీద మాత్రం పాత క్లాసుల లెక్క గీతల్లో అలాగే నిలిచిపోయింది. అంటే ఇక్కడ గీతలు పెరిగేకొద్దీ పురస్కారం మెట్టు దిగుతుంది. విశిష్ట సేవా పతకాలదీ ఇదే తీరు. బంగారు రంగు రిబ్బన్ మీద ఒక నీలి గీత ఉంటే పరమ విశిష్ట, రెండుంటే అతి విశిష్ట, మూడుంటే విశిష్ట సేవా మెడల్. ఇవి కూడా 1960లో మూడు క్లాసులుగా పుట్టి 1967లో ఇప్పటి పేర్లు తెచ్చుకున్నవే.

గీతలు నేతలోనే ఉంటాయి. ఏ పురస్కారమో చెబుతాయి. ఎన్నిసార్లు అన్నది చెప్పేది పైన అతికించిన లోహపు గుర్తు. ఈ తేడా పట్టుకుంటే ఫొటోలో ఉన్న రిబ్బన్ వరుస సగం అర్థమైనట్టే.

మహావీరచక్ర రెండుసార్లు అందుకున్న ఆరుగురు

పరమవీరచక్ర ఇప్పటిదాకా 21 మందికి దక్కింది. వారిలో 14 మందికి మరణానంతరమే వచ్చింది. బార్ ఎవరికీ లేదు. ఆ పురస్కారం కోరే త్యాగం ఎలాంటిదో చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. వజ్రాయుధం బుల్లి గుర్తు నిబంధనల్లో ఉందే తప్ప, ఎవరి రిబ్బన్ మీదకూ ఎక్కలేదు.

దాని తర్వాతి మెట్టయిన మహావీరచక్రకు బార్ అందుకున్నవాళ్లు ఆరుగురు: రాజిందర్ సింగ్ 'స్పారో', అరుణ్ శ్రీధర్ వైద్య, సంత్ సింగ్, ఛెవాంగ్ రించెన్, వైమానికదళం నుంచి జగ్‌మోహన్ నాథ్, పద్మనాభ గౌతమ్. వీళ్ల కథలు పక్కపక్కన పెట్టి చూస్తే బార్ అంటే ఏమిటో నిబంధనల కన్నా బాగా తెలుస్తుంది.

రాజిందర్ సింగ్‌కు మొదటిది 1948లో. 11 వేల అడుగులకు పైనున్న జోజిలా కనుమ దగ్గరికి స్టూవర్ట్ ట్యాంకులను గుట్టుగా చేర్చి, నవంబర్ 1న శత్రువు ఊహించని చోట వాటిని నడిపించారు. అంత ఎత్తుకు ట్యాంకులు వస్తాయని అవతలివాళ్లు కలలో కూడా అనుకోలేదు. లద్దాఖ్ దారి తెరుచుకోవడానికి అది కీలకం. పదిహేడేళ్ల తర్వాత, 1965లో, ఆయన ట్యాంకుల దళమైన ఒకటో ఆర్మర్డ్ డివిజన్‌కు సేనాని. సియాల్‌కోట్ సెక్టార్ పోరుకు మళ్లీ మహావీరచక్ర వచ్చింది. మొదటిది రెజిమెంటు నడిపిన లెఫ్టినెంట్ కల్నల్‌గా, రెండోది డివిజన్ నడిపిన మేజర్ జనరల్‌గా. పని స్వభావమే వేరు. అయినా బిళ్ల ఒక్కటే, దాని మీద ఒక పట్టీ.

జగ్‌మోహన్ నాథ్ కథ ఇంకో రకం. ఆయన నడిపినవి ఫొటోలు తీసే కాన్‌బెర్రా విమానాలు. 1962కు చైనా వైపు, 1965కు పాకిస్తాన్ వైపు శత్రు భూభాగం మీదికి వెళ్లి సమాచారం తెచ్చినందుకు రెండుసార్లు మహావీరచక్ర అందుకున్నారు. ఆయన చేతిలో ఉన్నది కెమెరా. సాహసం అంటే కాల్పులే అనుకునేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

ఛెవాంగ్ రించెన్‌ది పైన చెప్పిన లెక్కకు నిజ జీవిత ఉదాహరణ. 1948లో నుబ్రా లోయను కాపాడినందుకు మహావీరచక్ర అందుకునేనాటికి ఆయన పదిహేడేళ్ల కుర్రాడు. తర్వాత సేనా మెడల్ వచ్చింది. 1971లో తుర్తుక్ వైపు సాగిన పోరుకు మళ్లీ మహావీరచక్ర. కాబట్టి ఆయన సాహస పతకాలు రెండు, గుర్తించిన సందర్భాలు మూడు. మధ్యలో వచ్చిన సేనా మెడల్ వేరే పురస్కారం కాబట్టి మహావీరచక్రకు బార్ కాలేదు, విడిగా నిలిచింది.

వైద్య 1965లో డెక్కన్ హార్స్ రెజిమెంటును, 1971లో ఒక ఆర్మర్డ్ బ్రిగేడ్‌ను నడిపి రెండుసార్లు అందుకున్నారు. తర్వాత 1983లో సైన్యాధిపతి అయ్యారు.

విక్టోరియా క్రాస్ రెండుసార్లు, అందులో ఒకరు మన రైల్వే డాక్టరు

ఈ బార్ పద్ధతి మనకు బ్రిటిష్ సైన్యం నుంచి వచ్చింది. అక్కడి అత్యున్నత పురస్కారం విక్టోరియా క్రాస్ 1856లో మొదలైంది. రెండుసార్లు అందుకున్నవాళ్లు చరిత్ర మొత్తంలో ముగ్గురే. వారిలో ఇద్దరు డాక్టర్లు కావడం గమనించాల్సిన విషయం.

మొదటివాడు ఆర్థర్ మార్టిన్-లీక్. 1902లో దక్షిణాఫ్రికా యుద్ధంలో గాయపడ్డవాళ్లకు కాల్పుల మధ్యే చికిత్స చేస్తూ తానూ గాయపడి మొదటి విక్టోరియా క్రాస్ పొందాడు. తర్వాత మన దేశానికి వచ్చి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో వైద్యాధికారిగా చేరాడు. విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాస మీదుగా కటక్ వైపు వెళ్లే లైను ఆ కంపెనీదే. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ వెళ్లే లైనును వేసిందీ ఆ కంపెనీయే. 1914లో ప్రపంచయుద్ధం రాగానే మళ్లీ సైన్యంలో చేరి బెల్జియంలో శత్రువు కందకాలకు దగ్గర్లో పడి ఉన్నవాళ్లను కాపాడాడు. రెండో విక్టోరియా క్రాస్, అంటే బార్, అప్పుడొచ్చింది. యుద్ధం తర్వాత తిరిగి అదే రైల్వే ఉద్యోగానికి వచ్చాడు. మన పట్టాల మీద బతికిన వేలమంది ఉద్యోగులకు వైద్యం చూసే శాఖకు పెద్దగా ఉన్న మనిషికి ఇంత చరిత్ర ఉందని మన ప్రాంతంలో తెలిసినవాళ్లు తక్కువ.

రెండో డాక్టరు నోయెల్ షవాస్. 1916లో ఒకటి, 1917లో మరొకటి. ఆ రెండోసారి తగిలిన గాయాలతోనే చనిపోయాడు. బెల్జియంలో ఉన్న ఆయన సమాధి రాయి మీద రెండు విక్టోరియా క్రాసులు పక్కపక్కన చెక్కారు. పతకంలో పట్టీగా ఉన్నదాన్ని రాయి మీద పూర్తి రూపంలో చూపించారన్నమాట.

మూడోవాడు న్యూజిలాండ్‌కు చెందిన చార్లెస్ ఉపమ్. 1941లో క్రీట్ దీవిలో, 1942లో ఈజిప్టులో. ఒకే మనిషికి రెండోసారి ఇవ్వాలా అని రాజు ఆరో జార్జి సందేహపడితే, ఉపమ్ పై అధికారి కిపెన్‌బర్గర్, ఉపమ్ దాన్ని ఎన్నోసార్లు సంపాదించుకున్నాడని జవాబిచ్చాడు. రెండోసారికి కొలత మరీ కఠినమవుతుందా అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఉంది. నిబంధన ప్రకారం కొలత మారకూడదు. పురస్కారాన్ని సిఫారసు చేసేది మనుషులే కాబట్టి "ఈయనకు ఇప్పటికే ఉంది కదా" అనే ఆలోచన రాకుండా చూసుకోవడం వాళ్ల బాధ్యత.

ఓక్ ఆకు అమెరికాలో ఒకటి, జర్మనీలో మరొకటి

సినిమాల్లో, ఇంటర్నెట్‌లో విదేశీ యూనిఫాంలు చూసి వచ్చే అయోమయం ఇంకొకటి. అమెరికా ఆర్మీ, ఎయిర్‌ఫోర్సుల్లో రెండోసారికి గుర్తు ఓక్ లీఫ్ క్లస్టర్. దగ్గరగా చూస్తే ఒక చిన్న రెమ్మ, దానికి నాలుగు ఆకులు, కాడ మీద మూడు కాయలు. కంచు రెమ్మ ఒకటి ఉంటే ఒకసారి అదనంగా వచ్చినట్టు. ఐదు కంచువి చేరితే వాటి స్థానంలో ఒక వెండిది పెడతారు. కాబట్టి రిబ్బన్ మీద ఒక వెండి రెమ్మ, ఒక కంచు రెమ్మ ఉంటే: మొదటిది ఒకటి, వెండికి ఐదు, కంచుకు ఒకటి, మొత్తం ఏడుసార్లు. అదే అమెరికా నేవీ, మెరైన్లలో ఆకులు ఉండవు, బంగారు రంగు చిన్న నక్షత్రాలు ఉంటాయి.

రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మనీ సైనిక పురస్కారం నైట్స్ క్రాస్ మీద కూడా ఓక్ ఆకులు కనిపిస్తాయి. అక్కడ వాటి అర్థం వేరు. అవి పై మెట్టుకు గుర్తు. ఓక్ ఆకులున్న నైట్స్ క్రాస్ మామూలు నైట్స్ క్రాస్ కన్నా పెద్ద పురస్కారం. రెండు దేశాల్లో ఆకారం ఒకటే, అర్థాలు మాత్రం రెండు.

ఫ్రాన్సు వాళ్ల యుద్ధ పతకం క్రోయా ద గేర్ ఇంకా చిక్కైనది. ఏ స్థాయి అధికారి మెచ్చుకున్నాడో బట్టి కంచు, వెండి, బంగారుపూత నక్షత్రాలు, సైన్యం స్థాయిలో అయితే ఆకుమట్ట గుర్తు రిబ్బన్ మీద పెడతారు. ఎన్నిసార్లు, ఏ స్థాయిలో అన్న రెండు ప్రశ్నలకూ ఆ ఒక్క రిబ్బనే జవాబు చెబుతుంది. సోవియట్ యూనియన్ మాత్రం పట్టీల జోలికి పోలేదు. 'సోవియట్ యూనియన్ హీరో' బిరుదు నాలుగుసార్లు వచ్చిన సేనాని జుకోవ్ నాలుగు బంగారు నక్షత్రాలూ పక్కపక్కనే పెట్టుకునేవాడు.

బార్‌లా కనిపించినా బార్ కానివి

పాత మిలిటరీవాళ్ల ఇళ్లలో గోడకు ఫ్రేము కట్టించిన పతకాలు చూస్తే రిబ్బన్ మీద అక్షరాలున్న పట్టీ కనిపించవచ్చు. "జమ్మూ అండ్ కాశ్మీర్" అనో, "లద్దాఖ్ 1962" అనో ఉంటుంది. అది క్లాస్ప్. ఎక్కడ, ఏ పోరులో సేవ చేశారో చెప్పడానికి పెట్టేది. ఎన్నిసార్లు పురస్కారం వచ్చిందన్నదానికీ దానికీ సంబంధం లేదు. చాలామంది క్లాస్ప్‌నే బార్ అంటారు కాబట్టి ఈ రెండూ కలిసిపోయాయి. గుర్తుపట్టే తేడా తేలిక. ప్రాంతం పేరో, ఆపరేషన్ పేరో ఉన్న పట్టీ సేవా పతకం మీద ఉంటుంది. బార్ ఉండేది సాహసానికో విశిష్ట సేవకో ఇచ్చే పురస్కారం మీద.

చిన్న తామరాకు గుర్తు ఉంటే అది మెన్షన్ ఇన్ డిస్పాచెస్, అంటే యుద్ధ నివేదికలో పేరు ప్రస్తావించారని. అదీ పురస్కారం రెండోసారి రావడం కాదు. ఇక 9, 20, 30 ఏళ్ల సర్వీసుకు మన దగ్గర విడివిడిగా పతకాలే ఇస్తారు, ఒకే పతకానికి పట్టీలు కలపరు.

డబ్బు లెక్క, ఒక మెలిక

సాహస పురస్కారాలకు కేంద్రం నెలనెలా భత్యం ఇస్తుంది. 2017 ఆగస్టు నుంచి వాటిని రెట్టింపు చేశారు: పరమవీరచక్రకు 20,000, అశోకచక్రకు 12,000, మహావీరచక్రకు 10,000, కీర్తిచక్రకు 9,000, వీరచక్రకు 7,000, శౌర్యచక్రకు 6,000, సాహసానికి ఇచ్చే సేనా మెడల్‌కు 2,000 రూపాయలు. ప్రతి బార్‌కూ మొదటి పురస్కారానికి ఇచ్చినంతే ఇస్తారు. బార్ కింది స్థాయి పతకం కాదనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. పైన ఉదాహరణకు తీసుకున్న సుబేదార్‌కు ఈ రేట్ల ప్రకారం శౌర్యచక్రకు 6,000, సేనా మెడల్‌కు 2,000, బార్‌కు 2,000, మొత్తం నెలకు 10,000 వస్తుంది.

మెలిక ఎక్కడంటే, 1960లో మొదలైన సేనా మెడల్‌ను సాహసానికీ ఇస్తారు, విశిష్టమైన విధి నిర్వహణకూ ఇస్తారు. పతకం ఒకటే, రిబ్బన్ ఒకటే. భత్యం మాత్రం సాహసానికి ఇచ్చినదానికే. పట్టీ చూసి ఏది దేనికి వచ్చిందో చెప్పలేం. జాబితాలో బ్రాకెట్‌లో ఉండే "గ్యాలంట్రీ" అన్న మాట అందుకే ముఖ్యం.

రెండో బిళ్లే ఇవ్వాలన్న వాదన

పట్టీతో సరిపెట్టడం న్యాయమేనా అని అడిగేవాళ్లున్నారు. పది అడుగుల దూరం నుంచి పట్టీ కనిపించదు, రిబ్బన్ మీది బుల్లి గుర్తు అసలే కనిపించదు, రెండు సాహసాలు చూసేవాళ్లకు ఒకటిగానే తోస్తాయి అంటారు. కుటుంబాల వైపు నుంచి చూసినా ఈ మాటలో బరువుంది. తండ్రి పతకాన్ని ఇద్దరు పిల్లలు దాచుకోవాలనుకుంటే ఒక్కటే ఉంటుంది.

బార్ పద్ధతిని సమర్థించేవాళ్ల వాదన కూడా గట్టిదే. ఒక పురస్కారానికి ఒక స్థానం ఉండాలి, ఎన్నిసార్లు వచ్చినా అది అదే పురస్కారం అని చూపించాలి. అలా కాకుండా బిళ్లలు పెంచుకుంటూ పోతే, సంఖ్య ఎక్కువున్నవాడే గొప్ప అనే చూపు వస్తుంది. ఒకే ఒక్క వీరచక్ర ఉన్నవాడు, మామూలు సేవా పతకాలు పది ఉన్నవాడి పక్కన చిన్నగా కనిపిస్తాడు.

నాకు రెండో వాదనే సబబుగా తోస్తుంది. కానీ అది చెల్లాలంటే బార్‌ను చదవడం జనానికి తెలిసి ఉండాలి. ప్రతి బార్ వెనక విడిగా ఒక సైటేషన్, అంటే ఆ పురస్కారం ఎందుకిచ్చారో చెప్పే రాత, ఉంటుంది. దానికో తేదీ, ఓ చోటు, ఆ రోజు పక్కనున్న మనుషులు ఉంటారు. ఊళ్లో స్వాగతం ఫ్లెక్సీ కట్టినా, బడిలో పూర్వవిద్యార్థుల పేర్ల బోర్డు రాయించినా, స్మారకం మీద పేరు చెక్కించినా "సేనా మెడల్" దగ్గర ఆపేస్తే ఆ రెండో రోజు రికార్డు నుంచి పోయినట్టే. "సేనా మెడల్ అండ్ బార్" అని రాసి, కింద రెండు సంవత్సరాలూ వేయడానికి బోర్డు మీద ఇంకొక్క వరుస చాలు.